ఆంటీ రేడియోలో ఒకే ఒక్క శనివారం

గత మంగళవారం పొద్దున ఎడ్మంటన్ నుంచి ఫోన్ వచ్చింది. ఆ నంబరు నా ఫోన్‌లో మోగి ఏడాది దాటింది. అందుకని పేరు చూడగానే విషయం అర్థమైపోయింది. అయినా ఎత్తి, ఏమీ తెలియనట్టే "హలో అంకుల్" అన్నాను. మాట్లాడింది ఆంటీ అల్లుడుగారు. "అత్తయ్యగారు తెల్లవారుజామున పోయారమ్మా. అందరికంటే ముందు నీకు చెప్పమన్నారు" అన్నారాయన. ఆయన నాతో మాట్లాడటం మానేసిందీ ఆంటీ విషయంలోనే, మళ్ళీ మాట్లాడిందీ ఆంటీ విషయంలోనే. అది ఎందుకో చెప్పాలంటే ముందు ఆమె ఎలాంటి మనిషో మీకు చెప్పాలి.

ఆంటీ నాకు చుట్టం కాదు. కెనడాలోని సార్నియాలో మా ఇంటి ఓనరు. కరీంనగర్ నుంచి కాలేజీకని వచ్చిన నేను, ఇంకో ముగ్గురమ్మాయిలతో కలిసి ఆమె ఇంటి బేస్‌మెంటులో అద్దెకు దిగాను. అప్పటికే ఆమెకు ఎనభై దాటాయి. మొదటిరోజు అమ్మమ్మా అని పిలవబోతే, "ఆ మాటన్నవాళ్ళకి అద్దె పెంచుతాను" అన్నారు. అలా అందరికీ ఆంటీ అయ్యారు. పుట్టింది బందరు దగ్గర సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో. మిషన్ ఆసుపత్రిలో పని నేర్చుకుని, నర్సు చదువు కోసం ఇరవయ్యేళ్ళకే ఇంగ్లాండు ఓడెక్కారు. అది యాభైల మొదట్లో మాట. పెళ్ళయ్యాక కెనడా వచ్చారు. భర్త ఇక్కడి కెమికల్ ప్లాంట్లో పనిచేసి, నేను రాకముందే పోయారు. ఒక్కతే కూతురు, ఎడ్మంటన్‌లో యూనివర్సిటీలో ఉద్యోగం. మిగతా ముగ్గురమ్మాయిలు చదువవగానే తలా ఒక ఊరికి వెళ్ళిపోయారు. నాకు ఇక్కడే ఫార్మసీలో పని దొరికింది. బేస్‌మెంటు నుంచి పై గదికి మారి ఆమెతోనే ఉండిపోయాను.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. మేము బయటినుంచి వచ్చి తలుపు తీయగానే వంటింట్లోంచి ఒకటే మాట వినపడేది. "చెడ్డది ముందు చెప్పండి. టీ తర్వాత." పరీక్ష పోయినా, షిఫ్టులు కోసేసినా, వర్క్ పర్మిట్ వెనక్కి వచ్చినా, షూ లేసులు విప్పుకోకముందే గుమ్మంలో నిలబడి చెప్పెయ్యాలి. చెప్పాక ఒక్క ప్రశ్న అడిగేవారు, "ఇప్పుడేం చేద్దాం?" అని. తర్వాతే పొయ్యి మీద గిన్నె ఎక్కేది. మంచి కబురైతే గుమ్మంలో విననే వినరు. "అదెక్కడికి పోతుంది, కూర్చున్నాక చెప్పు" అనేవారు. కొత్తలో నాకిది మహా చిరాకుగా ఉండేది. ఎనిమిది గంటలు నిలబడి పని చేసొచ్చిన మనిషికి మంచినీళ్ళు ఇవ్వకుండా విచారణ ఏమిటని గొణుక్కునేదాన్ని.

మీలో ఎవరైనా సార్నియాలో ఉండి ఉంటే ఆ ఊరి గాలి సంగతి చెప్పక్కర్లేదు. ఊరికి దక్షిణాన నది పొడుగునా ప్లాంట్లు. పొగగొట్టాల మీద పగలూ రాత్రీ మంటలు. సోమవారం మధ్యాహ్నం సైరన్ మోగుతుంది, పరీక్షకే అని అందరికీ తెలుసు, ఎవరూ తల తిప్పరు. ఆంటీ మాత్రం చేతిలో పని ఆపి చివరిదాకా వినేవారు. "సోమవారం కాకుండా మోగితే భయపడతారు వీళ్ళు. అసలు మోగకపోతేనో?" అన్నారొకసారి. ఆమె వంటింటి కిటికీలోంచి ఒక మంట దూరంగా కనపడేది. అది ఎటు వంగిందో చూడందే కిటికీ తెరిచేవారు కాదు. మనవైపు వంగిందంటే ఆ రోజు బట్టలు బయట ఆరేసేది లేదు. ఆమె బూట్లు ఎప్పుడూ తలుపువైపు తిరిగి ఉండేవి, కాళ్ళు దూర్చి అలాగే నడిచి వెళ్ళిపోవడానికి వీలుగా.

ఇంకో అలవాటు చెప్తే మీరు నవ్వుతారు, మేమూ నవ్వేవాళ్ళం. ఆదివారాలు పైకి వచ్చి ఆమె టీవీలో తెలుగు సినిమా పెట్టుకునేవాళ్ళం. మంచి కామెడీ సీను నడుస్తూ, అందరం సోఫాలో దొర్లి నవ్వుతుండగా ఆంటీ రిమోట్ తీసుకుని సౌండు ఆపేసేవారు. తెర మీద నోళ్ళు కదులుతుండేవి. ఆమె తల కొంచెం పక్కకి వంచి వినేవారు. ఇల్లు వేడిచేసే ఫర్నేసు గుర్రుమనడం, గోడకి కొట్టే గాలి తప్ప ఏమీ ఉండేది కాదు. కాసేపాగి, "సరే, పెట్టుకోండి" అని రిమోట్ ఇచ్చేసేవారు. దానికి మేము ఆంటీ ఇంటర్వెల్ అని పేరు పెట్టాం. నవ్వు బాగా ముదిరినప్పుడే ఈ ఇంటర్వెల్ వస్తుందని మాలో ఎవరికీ తట్టలేదు.

ఇవన్నీ పక్కన పెడితే, మేము ఆమె దగ్గర పడిచచ్చింది రేడియో కోసం. నిజం రేడియో కాదు. ఇంగ్లాండులో ఆమె ట్రైనింగులో ఉన్నప్పుడు ఆసుపత్రి వార్డులో పొద్దుట్నుంచి పడుకునేదాకా రేడియో మోగేదట. దాన్ని ఆమె గొంతుతో దించేసేవారు. పొద్దున ప్రార్థన చదివే పెద్దమనిషి గొంతు మఫ్లర్ చుట్టుకున్నట్టు ఉండేది. తోటపని గురించి చెప్పే ఆయన గులాబీ కొమ్మకి కత్తెర ఎక్కడ పెట్టాలో ఆపరేషన్ గురించి చెప్పినంత గంభీరంగా చెప్పేవాడు. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళ కోసం హుషారు పాటలు. సాయంత్రం ఫుట్‌బాల్ స్కోర్లు ఒకే రాగంలో చదివేవారట, గెలిచిన టీము దగ్గర గొంతు లేచేది, ఓడిన టీము దగ్గర పడేది. ఆంటీ ఊరిపేర్లు మింగేసి రాగం మాత్రం తీస్తే, ఎవరు గెలిచారో మేము పందేలు వేసుకునేవాళ్ళం. తర్వాత పిల్లల కథ. ఆ తర్వాత పడవలవాళ్ళకి గాలుల సమాచారం. ఆపైన కామెడీ. రైలు టికెట్టు పోయిందని మొగుడు ప్లాట్‌ఫారం అంతా వెతుకుతుంటాడు, అది అతని నెత్తిమీద టోపీలోనే ఉంటుంది. ఆ మొగుడూ పెళ్ళాల గొంతులు రెండూ ఆమే చేసేవారు. చివర డాన్సు బ్యాండు, నోటితోనే. అక్కడికి ఆపేసి, "అయిపోయింది, వెళ్ళి చదువుకోండి" అనేవారు. తర్వాత ఏమొచ్చేదని అడిగితే లేచి గిన్నెలు తోమడం మొదలుపెట్టేవారు.

మొదటి సంవత్సరం నా పరీక్షలప్పుడు ఊళ్ళో మా తాత పోయాడు. నాకు చెప్పలేదు. వీడియో కాల్‌లో తాతేడని అడిగితే పడుకున్నాడనేవారు. పరీక్షలయ్యాక మా నాన్న మెల్లగా చెప్పాడు. మన ఇళ్ళలో ఇదొక మర్యాద, మీకూ తెలుసు. దూరంగా ఉన్నవాళ్ళకి, చదువుకునేవాళ్ళకి, ముసలివాళ్ళకి చెప్పం. ప్రేమతోనే చెప్పం. నేను ఏడుస్తూ గుమ్మంలో నిలబడి ఆంటీకి అదే చెప్పాను. ఆమె నన్ను ఓదారుస్తారనుకుంటే ముఖం ఎర్రగా అయిపోయింది. "అన్నిరోజులు నీతో నవ్వుతూ మాట్లాడారా? నిన్ను కూడా నవ్వించారా?" అని అడిగారు. ఆ ప్రశ్న నాకప్పుడు వింతగా అనిపించింది.

ముందటేడాది చలికాలం మొదట్లో, నేను పనిలో ఉండగా ఆమె కూతురు ఫోన్ చేసింది. అక్కా అని పిలుస్తానుగానీ వయసులో మా అమ్మకంటే పెద్ద. తనకి పాంక్రియాస్‌లో క్యాన్సర్ అనీ, లివర్‌కి పాకిందనీ, ట్రీట్‌మెంట్ పనిచేయడం లేదనీ చెప్పింది. నేను మందుల అలమర వెనక్కి జరిగి ఫోన్ చెవికి గట్టిగా ఆనించుకున్నాను.

"మమ్మీకి మాత్రం చెప్పకు, ప్లీజ్" అంది. "తొంభై దాటింది. షి కాంట్ టేక్ ఇట్. నేను రోజూ ఫోన్ చేసి మాట్లాడుతూనే ఉంటా. నువ్వు నార్మల్‌గా ఉండు, చాలు."

"అక్కా, ఆంటీ సంగతి నీకు తెల్వదా. ఆమెకి చెప్పకుంటే ఎట్లా?"

"అందుకే చెప్పొద్దంటున్నా" అంది. అల్లుడుగారు ఫోన్ తీసుకుని, "ఆవిడ గుండె అసలే బాగాలేదమ్మా. నీ చేతిలో పెడుతున్నాం" అన్నారు.

సరేనన్నాను. అప్పటినుంచి మా ఇంట్లో రోజూ సాయంత్రం ఫోన్ మోగేది. స్పీకర్లో పెట్టుకుని ఆంటీ కూరగాయలు తరిగేవారు. కూతురు అవతలినుంచి ఎడ్మంటన్ మంచు గురించి, పక్కింటివాళ్ళ కుక్క గురించి, కొత్తగా నేర్చుకున్న పప్పు గురించి చెప్పేది. పాత పాటలు పెట్టి వినిపించేది. జోకులు కూడా చెప్పేది. వింటూ గోడవైపు తిరిగి నిలబడేదాన్ని, ఎందుకంటే ఆ గొంతు వారం వారం సన్నబడుతోంది. ఆంటీ అన్నిటికీ ఊ కొట్టేవారు. నవ్వేవారు కాదు. ఒకరోజు పాట మధ్యలో కత్తి పక్కన పెట్టి, ఫోన్‌కి చెవి ఆనించి చాలాసేపు అలాగే ఉన్నారు. తర్వాత మళ్ళీ తరగడం మొదలుపెట్టారు.

తర్వాతి ఆదివారం చర్చి నుంచి ఆమెను తీసుకొచ్చి, నేను నేరుగా వంటింట్లోకి వెళ్ళి టీ పెట్టాను. అల్లం కూడా దంచి వేశాను. చర్చిలో ఎవరి బిర్యానీ మాడిందో, ఫార్మసీలో ఎవరు ఎవరితో పోట్లాడారో, రోడ్డు మీద మంచు ఎప్పుడు తీస్తారో, నోటికొచ్చింది వాగుతూనే ఉన్నాను. కప్పు ఆమె ముందు పెట్టాక అర్థమైంది ఏం చేశానో.

"టీ ముందొచ్చిందే" అన్నారు ఆంటీ. కప్పు ముట్టుకోలేదు. "కూర్చో. నీ ప్రోగ్రాం అయిందిగా, ఇప్పుడు నాది విను."

పొద్దున ప్రార్థన దగ్గర మొదలుపెట్టారు. ఈసారి గొంతులు మార్చలేదు. మామూలుగా, ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకుంటూ పోయారు. ప్రార్థన, వార్తలు, గులాబీ కత్తెర. అప్పుడు తెలిసింది నాకు, ఇన్నేళ్ళూ మేము పడీపడీ నవ్విన ఆ ప్రోగ్రాములన్నీ ఒకే రోజువని. ఒక్క శనివారానివి.

"మా ఆసుపత్రి చిన్నది, సముద్రం పక్కనే, కొంచెం మిట్ట మీద ఉండేది. నాతో ట్రైనింగు చేసే పిల్ల ఒకతి ఉండేది. ఆ దేశంలో నాతో ఒకే కంచంలో తిన్నది అదొక్కతే. వాళ్ళిల్లు చెక్క ఇల్లు, సముద్రపు గోడ కింద, పల్లంలో. తల్లీ కూతురూ ఇద్దరే. ఆ శనివారం అది ఇంటికి పోతుంటే గోడదాకా నేనూ నడిచాను. గాలి నిలబడనివ్వడం లేదు. ఆటు టైము అది. నీళ్ళు వెనక్కి పోయి బురద కనపడాలి. కనపడలేదు. నీళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి."

"మీకు భయం కాలేదా ఆంటీ?"

"బందరు దాన్నమ్మా. ఉప్పెన చూసినవాళ్ళ ఒళ్ళో పెరిగాను. ఆటు రాకపోతే తర్వాత పోటు ఎంతెత్తు వస్తుందో నాకు ఒకళ్ళు చెప్పాలా? ఇవాళ ఇంటికి పోవద్దే అన్నాను. అది నవ్వి, ఏదన్నా ఉంటే రేడియోలో చెప్తారుగా అంది. వార్డుకొచ్చి సిస్టర్‌కి చెప్తే ఆవిడా అదే మాట. నేనూ నమ్మాను. గులాబీ కొమ్మ ఎక్కడ కొయ్యాలో కూడా చెప్పే దేశం, నీళ్ళొస్తే చెప్పరా అనుకున్నా. మా ఊళ్ళో అయితే చెప్పేవాళ్ళు లేరు కాబట్టి మేమే చూసుకునేవాళ్ళం. అక్కడికి పోయాక చూసుకోవడం మానేశాను."

స్కోర్లు చదివారట. పిల్లల కథ అయింది. పడవలవాళ్ళకి పెనుగాలి అని చదివారు, అది వాళ్ళు తరచూ చదివేదే. తర్వాత కామెడీ వచ్చింది.

"మొగుడు టోపీ తీశాడు. వార్డు వార్డంతా నవ్వింది. నేను ఎంత నవ్వానంటే, ఒక ముసలాయనకి మందు పోస్తూ దుప్పటి మీద ఒలకబోసుకున్నాను. అప్పటికే పైన ఉత్తరాన గోడలు తెగి ఊళ్ళు మునిగాయంట. మా దాకా రావడానికి ఇంకా టైముంది. ఒక్కమాట, ఎవరన్నా ఒక్కమాట చెప్పుంటే నడుచుకుంటూ పోయి ఆ తలుపు కొట్టేదాన్ని. డాన్సు పాటలు పెట్టారు. నాటకం వేశారు. చివర ప్రార్థన చేసి, రాణిగారి పాట, అదే వాళ్ళ జాతీయగీతం, పాడి కట్టేశారు. వాళ్ళు కట్టేశాకే మాకు నీళ్ళొచ్చాయి."

తల్లీ కూతుళ్ళు మర్నాడు ఇంటి కప్పు మీద దొరికారట. నీళ్ళు అంటలేదు. చలికి పోయారు.

ఆంటీ నా వైపు తిరిగారు. "నా కూతురు నవ్వించే పిల్ల కాదు, చిన్నప్పట్నుంచీ. ఇప్పుడు రోజూ ఫోన్ చేసి పాటలు పెడుతుంది, వంటలు చెప్తుంది, జోకులేస్తుంది. నీళ్ళు ఎంతదాకా వచ్చాయో చెప్పదు. నువ్వు చెప్పు."

ఆమె గుండె ఈ క్షణమే ఆగిపోతే ఏం చేయాలన్న భయం ఒక పక్క, ఇచ్చిన మాట ఇంకో పక్క. బల్ల అంచు పట్టుకుని చెప్పేశాను. పేరు, ఎక్కడికి పాకిందీ, ట్రీట్‌మెంట్ ఆపేసిందీ, నెలలు కాదు వారాలన్నదీ, అన్నీ. ఆమె కళ్ళు మూసుకోలేదు. నర్సు గొంతుతో అడిగారు, "కళ్ళు పచ్చబడ్డాయా? తింటోందా? నొప్పికి ఏమిస్తున్నారు?" నాకు తెలిసింది చెప్పాను, తెలియంది తెలియదన్నాను. చాలాసేపటికి ఆమె భుజాలు కదలడం మొదలైంది. శబ్దం లేకుండా ఏడ్చారు. నేను పక్కకెళ్ళి కూర్చుని ఆమె వీపు మీద చెయ్యి వేశాను. ఎముకలు చేతికి తగిలాయి. తర్వాత ముఖం తుడుచుకుని, "ఆ టీ వేడి చేసి పట్రా. టికెట్ బుక్ చెయ్యి" అన్నారు.

ఎడ్మంటన్ విమానం కోసం మర్నాడు పొద్దున్నే టొరంటో బయల్దేరాం. హైవే పొడుగునా గాలికి మంచు రోడ్డు మీద పాకుతోంది. ఎయిర్‌పోర్టులో వీల్‌చైర్ తోసే అబ్బాయి వచ్చాక నా చెయ్యి పట్టుకుని, "నేనొస్తున్నానని వాళ్ళకి ఇప్పుడే ఫోన్ చేసి చెప్పు. నువ్వే చెప్పావని కూడా చెప్పు. మళ్ళీ దాపరికాలొద్దు" అన్నారు.

చెప్పాను. అల్లుడుగారు ఒకటే అన్నారు, "ఆవిడకి ఏమన్నా అయితే అది నీదే. మా ఇంటి విషయం నీకెందుకమ్మా?" ఆయనది తప్పని ఇప్పటికీ అనలేను. భార్య పోతోంది, ఆపైన ఇంకో చావుని మోయలేననుకున్నారు. ఆమె విమానం దిగేదాకా, తర్వాత చాలా రోజులదాకా, ఫోన్ మోగితే ముందు పేరు చూసి గానీ ఎత్తేదాన్ని కాదు. ఖాళీ ఇంట్లో కిటికీలోంచి ఆ మంటని చూస్తూ, నేను ఆమెను చంపలేదు కదా అనుకుంటూ తిరిగేదాన్ని.

ఆదివారాలు ఆంటీయే తన ఫోన్ నుంచి నాకు చేసేవారు. హలో లేదు, ఎలా ఉన్నావు లేదు. "ఇవాళ దానికి గొంతులో నీళ్ళు కూడా దిగలేదు" అని మొదలు. ఆ తర్వాతే మిగతావి. పిల్లలు ఎవరైనా అద్దెకు దిగారా, కిటికీల సందుల్లో టేపు వేశావా అని అడిగేవారు. మంచు కరగకముందే ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, "అయిపోయింది. నేనక్కడే ఉన్నాను" అన్నారు. రెండో మాట ఆమె రెండుసార్లు అన్నారు. కూతురు లేని ఆ ఇంట్లోనే అల్లుడితో ఉండిపోయారు. ఆయనకి వండిపెట్టేవాళ్ళు లేరని నాతో చెప్పారు. తొంభై దాటిన మనిషి చెప్పిన కారణం అది. ఇంకో చలికాలం అక్కడే గడిపి, మొన్న వెళ్ళిపోయారు.

మంగళవారం ఫోన్ పెట్టేశాక అల్లుడుగారు ఒక ఫొటో పంపారు. కింద ఏమీ రాయలేదు. ఆంటీ ఎడ్మంటన్ చేరిన రోజు తీసిందై ఉండాలి, ఒంటి మీద కోటు ఇంకా విప్పలేదు. మంచం మీద అక్క నిద్రపోతోంది, ముఖం పసుపుగా, నేను గుర్తుపట్టలేనంత చిన్నగా ఉంది. పక్కన కుర్చీ అంచున ఆంటీ కూర్చుని కూతురి మణికట్టు పట్టుకుని ఉన్నారు, వేళ్ళు సరిగ్గా నాడి మీద. నర్సులు నాడి చూసేటప్పుడు కళ్ళు గడియారం మీద ఉంటాయి. ఆ గోడ మీద గడియారం ఉంది. ఆంటీ కూతురి ముఖం చూస్తున్నారు.